స్థిరాస్తి మంగాయమ్మ

మా కొత్తమల్లవరం మునిసిపాలిటీలో మా పిన్ని మంగాయమ్మ కొన్నాళ్ళపాటు ప్రభుత్వ స్థిరాస్తిగా ఉంది. ఈ మాట చెప్పగానే చాలామంది నవ్వుతారు. నవ్వడానికేమీ లేదు. ప్రభుత్వ స్థిరాస్తిగా నిలబడటంలో ఉన్న కష్టమేమిటో మా ఊరి వాటర్ ట్యాంకుని అడిగితే తెలుస్తుంది. అది ఏళ్ళ తరబడి ఏడుస్తూనే ఉంది.

నా పేరు సలాది గోవిందరావు. మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టర్ని. బోరింగులు, కుళాయిలు, ట్యాంకులు, బస్సు షెల్టర్లు ఉన్నచోట ఉన్నాయో లేవో చూసి రావడం నా ఉద్యోగం. కొత్తలో చూసి వచ్చి "ఉన్నాయండి" అంటే సరిపోయేది. కొన్నేళ్ళకి ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మన్నారు. ఆ తర్వాత కాగితం అబద్ధమాడుతుందనీ, ఫోటో ఆడదనీ పైవాళ్ళకి తెలిసింది. అలా తెలిసిన రోజునే "పట్టణ స్థిరాస్తుల చిత్ర సమన్వయ విభాగం" పుట్టింది. అందరిలా పుట్టగానే కేర్‌మనలేదు. సర్క్యులర్ ఇచ్చింది.

"ప్రతి స్థిరాస్తికిని ఫోటో ఉండవలెను. సదరు ఫోటో సిబ్బంది ఫోనునందు, కార్యాలయ కంప్యూటరునందు, విభాగము వారి క్లౌడునందు సర్వకాల సర్వావస్థలయందు ఒకే విధముగా ఉండవలెను. ఒకచోట చేరినది మూడు చోట్లా చేరును. ఒకచోట చెరిగినది మూడు చోట్లా చెరుగును. క్లౌడుకును క్షేత్రస్థాయికిని భేదము కనబడినచో క్షేత్రస్థాయిని సరిచేయవలెను."

ఆ చివరి వాక్యం మేమెవరం సరిగ్గా చదవలేదు. సర్క్యులర్‌ని చివరిదాకా చదివే ఓపికే ఉంటే మేము ఏ గ్రూప్ వన్ పరీక్షో రాసి, మేమే సర్క్యులర్లు ఇస్తూ ఉండేవాళ్ళం.

వెనకాలే రెండోది వచ్చింది. ఎక్కడో ఒక ఊళ్ళో కాంట్రాక్టరు ఒకడు థర్మోకోల్‌తో జానెడు వాటర్ ట్యాంకు చేయించి, దాన్ని పిట్టగోడ మీద పెట్టి, తాను కింద చతికిలబడి ఫోటో తీసి బిల్లు చేయించుకున్నాడట. అందుచేత ఇకమీదట ప్రతి ఫోటోలోనూ ఆస్తి పక్కన ఒక మనిషి నిలబడాలి, మనిషిని బట్టి ఆస్తి కొలత తెలుస్తుంది అన్నారు. బాగానే ఉందనుకున్నాం.

ఇంతా చేసి విభాగం మాకు ఫోన్లు ఇవ్వలేదు. యాప్ ఒకటి ఇచ్చి, ఎవరి ఫోనులో వాళ్ళు వేసుకోమంది. ఆ యాప్‌కి బోరింగు ఏదో, మా ఇంటి వ్యవహారం ఏదో తేడా తెలియదు. ఫోనులో పడ్డ ప్రతి ఫోటోనీ కంప్యూటర్లోకీ, అక్కణ్ణుంచి క్లౌడులోకీ మోసుకుపోయేది. మా ఆవిడ రత్నకుమారి ఒకరోజు దిబ్బరొట్టె వేసి, బాగా కాలిందని మురిసిపోతూ నా ఫోనుతో ఫోటో తీసి వాళ్ళ తమ్ముడికి పంపింది. మర్నాడు పొద్దున్న విభాగం నుంచి ఉత్తర్వు వచ్చింది: మ్యాన్‌హోల్ మూత ఒకటి అంచు విరిగి ఉన్నది, పరిమాణమునందు లోపము కలదు, తక్షణము మార్చవలెను. సాయంత్రానికల్లా కాంట్రాక్టరు మనుషులు ఇనప మూత ఒకటి దొర్లించుకుంటూ వచ్చి, మా వంటింటి గుమ్మంలో దింపి, సంతకం పెట్టించుకుని వెళ్ళారు. మా ఆవిడకి కోపం వచ్చింది గానీ, పిండి తక్కువై రొట్టె చిన్నదైన మాట మాత్రం నిజమేనని ఒప్పుకుంది. ఇప్పుడు ఆ మూత మీద నీళ్ళ బిందె పెట్టుకుంటున్నాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పిన్ని ఊర్లోకి దిగింది.

అడబాల మంగాయమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. గోదావరి పాయ అవతల పల్లపులంకలో ఉంటుంది. బాబాయి పోయి చాలా కాలమైంది. ఉన్నది ఒక్కతే కూతురు, సత్యవేణి. దానికిప్పుడు నెలలు నిండుతున్నాయి. తొలికాన్పు కనక పుట్టింటికి తీసుకొచ్చి పురుడు పొయ్యాలి. చీరలు, సారె, కారప్పొడి అన్నీ సిద్ధం చేసుకున్న పిన్నికి ఒక్కటే బెంగ, మోకాళ్ళు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద పసిబిడ్డని పడుకోబెట్టుకుని నీళ్ళు పొయ్యాలి కదా. ఆవిడ మోకాళ్ళు అటు వంగవు, ఇటు చాపుకోవు. అందుకని మా ఊళ్ళో మోకాళ్ళ డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చింది. డాక్టరు మందులిచ్చి, రోజూ పొద్దున్నే నడవమన్నాడు.

అక్కడ నాకేమో ఫోటోల్లో నిలబడే మనిషి దొరకడం లేదు. మొదట్లో మా పారిశుధ్య కార్మికుడొకడు పాపం విరిగిపోయిన బోరింగు పక్కన నిలబడితే, విరగ్గొట్టినవాడుగా నమోదై మెమో తీసుకున్నాడు. అప్పట్నుంచీ కెమెరా చూస్తే ఊరంతా పక్క సందులోకి తిరిగేది. ఇటు పిన్ని నడవాలి, అటు నాకు మనిషి కావాలి. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

రోజూ పొద్దున్నే ఇద్దరం బయల్దేరేవాళ్ళం. నడకకని ప్రత్యేకంగా పెట్టుకున్న పచ్చ నేతచీర, తెల్ల జాకెట్టు, నల్ల గొడుగు. ప్రతి బోరింగు పక్కనా, ప్రతి ట్యాంకు కిందా, గొడుగు విప్పుకుని, మోకాలి నెప్పి వల్ల కొద్దిగా ఎడమకి ఒరిగి, ఊపిరి బిగబట్టి నిలబడేది. ఒక్క ఫోటోలోనూ నవ్వలేదు. సర్కారు ఫోటోలో నవ్వితే పింఛను తీసేస్తారని ఆవిడకెవరో చెప్పారట. వారం తిరిగేసరికి ఊళ్ళో ఉన్న నలభై ఆస్తులూ పిన్నితో సహా క్లౌడుకి ఎక్కాయి. ఆవిడ మోకాళ్ళు కూడా చాలావరకు దారికొచ్చాయి. పంచమి మంచిది, ఆ రోజు వెళ్ళిపోతానని బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే మా ఆఫీసు కంప్యూటర్ చూసే ఝాన్సీ ఫోన్ చేసి, ఊరు పోయిందండి అంది.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. విభాగం క్లౌడులో కొత్తగా తెలివితేటలు పెట్టారట. ఆ తెలివితేటలు మా ఫోటోలన్నీ చూశాయి. ఫోటో ఫోటోకీ వెనకాల ఉన్నది మారిపోతోంది. ఒకచోట బోరింగు, ఒకచోట ట్యాంకు, ఒకచోట బస్సు షెల్టరు. మారకుండా ఉన్నది ఒక్కటే, పచ్చరంగులో, ఎడమకి ఒరిగి. కాబట్టి ఆస్తి అదే, మిగతావన్నీ పరిసరాలు అని తేల్చాయి. తెర మీద ఉత్తర్వు ఇలా ఉంది:

"మీ పట్టణమునందు ఒకే ఆస్తిని నలభై చోట్ల నలభై పేర్లతో చూపిన మోసము గుర్తించడమైనది. డూప్లికేట్లు తొలగించడమైనది. మిగిలిన ఆస్తుల సంఖ్య: ఒకటి. వివరణ: నిలువు కట్టడము. దిగువ భాగము పచ్చ, పై భాగము తెలుపు. శిఖరమున నలుపు రంగు కప్పు. ఎడమకు స్వల్ప వాలు. ముఖభాగమున సన్నని బీటలు. స్థితి: ఫరవాలేదు."

క్లౌడులో చెరిపేస్తే కంప్యూటర్లో చెరిగింది. కంప్యూటర్లో చెరిగితే నా ఫోనులో చెరిగింది. జేబులోంచి తీసి చూసుకున్నాను. నలభై ఫోటోల్లో ఒక్కటే మిగిలింది, మా వీధి చివర బోరింగు పక్కన పిన్ని. చెత్తబుట్టలో ఏమైనా దొరుకుతాయేమో చూడమని ఝాన్సీని బతిమాలాను. చెత్తబుట్టని కూడా సమన్వయం చేసేశారండి అంది.

మా కమిషనర్ బెన్హర్ బాబు గారు నెమ్మదైన మనిషి. రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాళ్ళకి ఉండే శాంతం ఆయన ముఖంలో ఎప్పుడూ ఉంటుంది. మా ఊళ్ళో నలభై ఆస్తులు ఉన్నాయని ఆయన విభాగానికి వినయంగా రాశారు. క్లౌడునందు లేని ఆస్తులు ఉన్నట్లు నమ్ముట క్రమశిక్షణా రాహిత్యమగును అని జవాబు వచ్చింది. మర్నాటి నుంచీ బోరింగుల మెకానిక్ బండి తిరగడం మానేసింది. లేని బోరింగుకి వాషరు వెయ్యడానికి వీల్లేదు. బిందెలతో నిలబడ్డవాళ్ళని ఇక్కడ బోరింగు లేదని మా వాళ్ళు పంపించబోతే, వాళ్ళు సరేనని చెప్పి, నీళ్ళు కొట్టుకుని వెళ్ళారు.

రెండ్రోజులకి డిప్యూటీ డైరెక్టర్ కోదండపాణి గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఎండలోకి దిగినా ఇస్త్రీ చెదరని మనిషి. చేతిలో పిన్ని ఫోటో ప్రింటు, వెనకాల టేపు పట్టుకున్న గుమస్తా. వీధి చివర బోరింగు దగ్గరికి పిన్నిని రప్పించి, ఫోటోనీ ఆవిడనీ మార్చి మార్చి చూశారు.

"శిఖరభాగం కనిపించడం లేదు" అన్నారు.

పిన్ని నా వైపు చూసింది. గొడుగు విప్పమంటున్నారని చెప్పాను. విప్పింది. ఆయన తృప్తిగా తలపంకించి, చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. గుమస్తా పొడవు కొలిచాడు, వాలు కొలిచాడు, మోకాళ్ళ దగ్గర ఆగి పునాదిలో కదలిక ఉందని రాసుకున్నాడు.

"అయ్యా, ఆవిడ మా పిన్నండి" అన్నాను.

"ఆస్తికీ మీకూ గల బంధుత్వం ఈ విభాగం పరిధిలోకి రాదు గోవిందరావుగారూ. వాటర్ ట్యాంకుని పట్టుకుని మా బాబాయి అంటే మేము కాదంటామా? అది మీ కుటుంబ విషయం."

"ఆవిడ పంచమికి ఊరెళ్ళాలండి."

కోదండపాణి గారు నన్ను జాలిగా చూశారు. స్థిరాస్తి అన్న మాటలోనే అది ఎక్కడికీ వెళ్ళదన్న భరోసా ప్రజలకి ఉందని వివరించారు. అక్కడికక్కడే ఉత్తర్వులు చెప్పి రాయించారు. ఆస్తి చుట్టూ కంచె వెయ్యాలి. నంబరు బోర్డు పెట్టాలి. వాచ్‌మన్‌ని నియమించాలి. రోజూ ఉదయం పది గంటలకి అదే స్థలంలో ఫోటో తీసి క్లౌడుకి ఎక్కించాలి. ఒక్కరోజు ఎక్కకపోయినా, ఆస్తి మునిసిపల్ హద్దు దాటినా, నా మీద స్థిరాస్తి తరలింపు నేరం మోపి ఉద్యోగం తీసేస్తారు.

పిన్ని అంతా విని, ఇంటికొచ్చాక నెమ్మదిగా అడిగింది. "ఒరేయ్ గోవిందూ, నేనెల్తే నీ ఉజ్జోగం పోద్దా?"

పోతుందన్నాను. ఆవిడ సర్దిన సంచీ విప్పి, చీరలు మళ్ళీ అలమారలో పెట్టింది. పంచమి కాకపోతే దశమి, ఆపాటికి నువ్వేదో ఒకటి చెయ్యి అంది. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. నా చేతిలో ఏమీ లేదని ఆవిడకి చెప్పే ధైర్యం రాలేదు.

అప్పట్నుంచీ రోజూ పదింటికి పిన్ని కంచెలో నిలబడేది, నేను ఫోటో తీసేవాణ్ణి, తర్వాత ఇంటికొచ్చి కాఫీ తాగేది. వాచ్‌మన్ వీర్రాజు ఆవిడ వెనకాలే వచ్చి, ఆస్తి వంటింట్లో ఉంటే వంటింటి గుమ్మంలో, పెరట్లో ఉంటే పెరట్లో కాపలా కాసేవాడు. రెండోరోజుకల్లా ఆవిడ వాడిచేత ములక్కాడలు కోయించడం మొదలుపెట్టింది. ఏం చెప్పినా ఆయ్ అనేవాడు.

ఆస్తి అయ్యాక నిధులు రాకుండా ఎలా ఉంటాయి? పునాది పటిష్ఠం చెయ్యడానికని మేస్త్రీ ఒకడు సిమెంటు, ఇసుక తెచ్చి, ఆవిడ మోకాళ్ళ వైపు అనుమానంగా చూస్తూ నిలబడ్డాడు. పిన్ని వాణ్ణి కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, ఆ సిమెంటుతో బోరింగు చుట్టూ గచ్చు చేయించింది. ఎన్నేళ్ళుగానో అక్కడ బురదలో జారిపడుతున్న ఆడవాళ్ళు ఆ రోజు ఆవిడకి బొట్టు పెట్టి వెళ్ళారు. సంవత్సరానికోసారి రంగు వెయ్యాలన్న నిబంధన ప్రకారం పచ్చ డిస్టెంపరు డబ్బాలతో ఇంకొకడు వచ్చాడు. వాడితో మా ప్రహరీగోడకి వేయించింది. రెండు పనులకీ "పూర్తయినది" అని ఫోటో ఎక్కింది. ఫోటోలో ఎలాగూ పిన్నే ఉంది.

తర్వాత ఆడిట్ వాళ్ళు అభ్యంతరం లేవనెత్తారు. ప్రారంభోత్సవం జరగకుండానే ఆస్తి వాడకంలో ఎలా ఉంది అని. దాంతో చైర్మన్ గంటి నాగశేషు గారు మేళతాళాలతో వచ్చి, కంచెకి కట్టిన రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టారు. గత పాలకవర్గం అయిదేళ్ళూ ఉండి ఊరికి ఇలాంటి ఒక్క ఆస్తినైనా తీసుకురాలేకపోయిందని ప్రసంగించారు. చప్పట్లు మోగాయి. పిన్నికి శాలువా కప్పబోతే, కట్టడం ఆకృతి మారుతుందని విభాగం ప్రతినిధి అడ్డుపడ్డాడు. చైర్మన్ గారి అభిమానులు మాత్రం ఊరుకోలేదు. క్లౌడులో ఉన్న ఫోటోనే తీసుకుని, గొడుగుతో సహా పిన్ని నిలువెత్తు ఫ్లెక్సీ కటౌటు చేయించి వీధి మొదట్లో నిలబెట్టారు.

ఇలా నవ్వుతూ నవ్వుతూ దశమి కూడా వెళ్ళిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం పల్లపులంక నుంచి ఫోన్ వచ్చింది. సత్యవేణిని అత్తింటివాళ్ళు తీసుకొచ్చి దిగబెట్టి వెళ్ళారట. డాక్టరమ్మ చూసి, ఇవాళో రేపో అందట. పక్కింటివాళ్ళు తోడున్నారు గానీ, అమ్మ ఎప్పుడొస్తుందని పిల్ల ఒకటే ఏడుపట. పిన్ని ఫోను పెట్టేసి, చాలాసేపు మోకాళ్ళు చూసుకుంటూ కూర్చుంది. బాగైన మోకాళ్ళు. పీట వేసుకుని రెండు కాళ్ళూ చాపి చూసుకుంది. చాపుకున్నాయి.

నేను సెలవు పెట్టి కోదండపాణి గారి ఆఫీసుకి పరుగెత్తాను. ఆయన సానుభూతితోనే విన్నారు. ఆస్తిని క్లౌడు నుంచి తీసెయ్యడానికి దారి ఉందన్నారు. ముగ్గురు ఇంజినీర్లు పరిశీలించి, ఈ కట్టడము శిథిలమైనది, ఎవరికిని పనికిరాదు అని ధ్రువపత్రం ఇస్తే చాలు. ఆస్తి తరఫున వేలిముద్రైనా, సంతకమైనా ఉండాలి, అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. పత్రం తీసుకొచ్చి పిన్ని ముందు పెట్టాను.

ఆవిడ చదివించుకుని, పత్రం తిరిగి నా చేతిలో పెట్టింది.

"పనికిరానిదాన్నని రాసిచ్చి, ఆ చేత్తో ఎల్లి పసిగుడ్డుకి నీళ్ళు పొయ్యమంటావేంట్రా? నేను పనికొత్తాననే కదా అది నాకోసం ఏడుత్తోంది. నేను పెట్టను."

పత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంక మిగిలింది ఒకటే దారి. ఫోను తీసి, ఆస్తిగా నమోదైన ఆ మొదటి ఫోటో మీద వేలు పెట్టాను. నా ఫోనులో చెరిపేస్తే కంప్యూటర్లో పోతుంది, క్లౌడులో పోతుంది, పిన్ని మామూలు మనిషైపోతుంది. అదృష్టం బాగుండి చెరిపేముందు ఝాన్సీకి ఒక మాట చెప్పాను. ఆ అమ్మాయి గాభరాపడి నన్ను ఆపింది. పక్క మునిసిపాలిటీలో ఎవరో ఫోను నిండిపోయిందని బస్సు షెల్టరు ఫోటో చెరిపేశాడట. క్లౌడుకీ క్షేత్రస్థాయికీ భేదం వచ్చింది కనక, మర్నాడు జేసీబీ వచ్చి, లోపల కూర్చున్న ప్రయాణికుల్ని కాస్త లేవమని, షెల్టరుని ఎత్తుకుపోయిందట. సర్క్యులర్ చివరి వాక్యం నేను మొదటిసారి పూర్తిగా చదివింది అప్పుడే. ఫోను జేబులో పెట్టుకుని, పొరపాటున కూడా దాని మీద వేలు పడకుండా ఇంటికి చేరేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

పిన్నికి ఈ జేసీబీ సంగతి చెప్పాను. ఆవిడ భయపడలేదు. డూప్లికేట్లు అంటే ఏమిటో, వాటిని ఏం చేస్తారో మరొక్కసారి చెప్పమంది. చెప్పాను. విని, వీర్రాజుని కేకేసింది.

"ఒరేయ్, ఈది మొదట్లో నా బొమ్మ నిలబెట్టారు కదా, దాన్నట్టుకొచ్చి కంచెలో నా పక్కన నిలబెట్టు."

"ఆయ్" అన్నాడు వీర్రాజు.

మర్నాడు పదింటికి ఆవిడ పచ్చచీర కట్టలేదు. నీలం చీర కట్టింది, గొడుగు ఇంట్లో వదిలేసింది. కటౌటు పక్కన నిలబడి, ఫోటో తియ్యమంది. తీశాను. ఎక్కించాను. పది నిమిషాల్లో నా ఫోనూ, ఝాన్సీ కంప్యూటరూ, కోదండపాణి గారి ఫోనూ ఒక్కసారే గంటలు కొట్టాయి. ఒకే స్థలమునందు ఆస్తులు రెండు. ఒకటి నకలు. తక్షణము నిర్ధారించి తొలగించవలెను.

మధ్యాహ్నానికల్లా కోదండపాణి గారు జీపులో దిగారు. కమిషనర్ గారు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. వీధంతా గోడలెక్కి చూస్తోంది. డిప్యూటీ డైరెక్టర్ గారు క్లౌడు ప్రింటు తీసి, ముందు కటౌటు పక్కన పట్టుకున్నారు. రంగు సరిపోయింది. వాలు సరిపోయింది. శిఖరమున నల్ల కప్పు ఉంది. ముఖాన బీటలు సైతం గీతకి గీత సరిపోయాయి. ఆయన ముఖం వికసించింది. తర్వాత పిన్ని వైపు తిరిగారు. రంగు నీలం. శిఖరం లేదు. మోకాళ్ళు నయమయ్యాయి కనక వాలు కూడా లేదు. పైగా ఆయన చూస్తుండగానే పిన్ని తుమ్మింది.

"స్థిరాస్తి తుమ్మదు" అన్నారు కోదండపాణి గారు, గుమస్తా రాసుకోవడానికి వీలుగా నెమ్మదిగా.

నాకు నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చుకున్నాను. గుమస్తా ఇద్దరినీ వేలితో నొక్కి చూశాడు. కటౌటు కదల్లేదు. పిన్ని వాడి చెయ్యి విదిలించి, పళ్ళు రాలగొడతానంది. అది కూడా రాసుకున్నారు.

తీర్పు వెలువడింది. కంచెలో ఉన్న ఫ్లెక్సీ కట్టడమే అసలైన స్థిరాస్తి. ఇన్నాళ్ళుగా దాని స్థానంలో చెలామణీ అవుతూ, కాఫీ తాగుతూ, మరమ్మతులు చేయించుకుంటూ వచ్చిన ఈ రెండవ ఆకారము నకలు. ప్రభుత్వ ఖర్చుతో వెంటనే మునిసిపల్ హద్దు దాటించి వదిలిపెట్టవలెను.

నేను ఎగిరి గంతెయ్యబోతుండగా పిన్ని అడ్డం చెప్పింది.

"హద్దు దాటించి వదిలేత్తే లాభం లేదు బాబూ. నాకు నడక బాగా అలవాటైపోయింది. సాయంత్రానికల్లా తిరిగొచ్చేత్తాను. మళ్ళీ మీ అసలుదాని పక్కనే నిలబడతాను."

కోదండపాణి గారు ఉలిక్కిపడ్డారు. నకలు తిరిగి రాలేనంత దూరంలో, వీలైతే నదికి అవతల వదలాలి అన్నారు. అవతల ఏ ఊరు అని గుమస్తా అడిగాడు. పిన్ని పల్లపులంక అంది. ఇల్లు ఎక్కడో కూడా చెప్పింది. గుమ్మం దాకా దించి, దించినట్టు సంతకం తీసుకురమ్మని ఆయన డ్రైవరుకి ఆజ్ఞాపించారు.

ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. మా ఆవిడ పరుగున వచ్చి సారె సంచీ, కారప్పొడి సీసా ఒళ్ళో పెట్టింది. విభాగం జీపు ముందు ఎర్రదీపం లేదు గానీ, పిన్ని కూర్చున్న తీరు చూస్తే ఉన్నట్టే అనిపించింది. నలభై ఏళ్ళ సర్వీసులో బెన్హర్ బాబు గారు నవ్వడం మేమెవరం చూడలేదు. ఆ రోజు వెనక్కి తిరిగి, కళ్ళజోడు తుడుచుకునే మిషతో నవ్వుకున్నారు. ఆ సాయంత్రమే సత్యవేణికి నొప్పులొచ్చాయి. జీపు వెళ్ళేసరికి గుమ్మంలో ఆటో సిద్ధంగా ఉందట. ఆడపిల్ల, తల్లీబిడ్డా కులాసా అని మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

విభాగం వాళ్ళు ఆ తర్వాత కటౌటుని రెండు వారాలు గమనించి, ఇంత క్రమశిక్షణ గల ఆస్తి రాష్ట్రంలో మరొకటి లేదని ప్రశంసాపత్రం ఇచ్చారు. ఎడమకి ఒరిగినా మరింత ఒరగదు. మరమ్మతులు అడగదు. ఇదే పద్ధతిలో పట్టణాల్లోని ఆస్తులన్నిటికీ ఫ్లెక్సీలు చేయించమని సర్క్యులర్ వచ్చింది. మా ఊరి నలభై ఆస్తులూ నలభై ఫ్లెక్సీలై మళ్ళీ క్లౌడులోకి చేరాయి. ఫ్లెక్సీ బోరింగులు చెడిపోవు. వాటి వెనకాల ఉన్న, లెక్కలో లేని బోరింగుల్లో జనం ఎప్పటిలాగే నీళ్ళు కొట్టుకుంటున్నారు. లేని వాటికి వాషర్లు కమిషనర్ గారే చూసీ చూడనట్టు వేయిస్తున్నారు.

బారసాల దగ్గరపడుతుండగా నేను పల్లపులంక వెళ్ళాను. మా ఆవిడ రాలేకపోయింది. ఝాన్సీ దగ్గర ఎరువు తెచ్చిన ఫోనుతో పదింటికి కటౌటు ఫోటో ఎవరో ఒకరు తియ్యాలి. పాపని చూడాలని దానికి ప్రాణం కొట్టుకుంటోంది. ఎన్ని ఫోటోలు తీస్తావో తియ్యి, అన్ని వైపుల నుంచీ తియ్యి అని బస్సెక్కేదాకా చెబుతూనే ఉంది.

గుమ్మంలోనే పిన్ని చెయ్యి చాపింది. ఫోను కావాలంది. ఇచ్చాను. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ములో పెట్టి, మూత బిగించి వచ్చింది.

"పచ్చిబిడ్డకి ఫోటోలు తియ్యకూడదు, దిష్టి. ఆ పైన మీవోళ్ళ దిష్టి ఇంకా చెడ్డది. పిల్లని చూడ్డానికొచ్చావు కదా, చూసుకో."

పెరట్లో పీట వేసుకుని, రెండు కాళ్ళూ బారజాపింది. ఆ మోకాళ్ళ మీద పాపని బోర్లా పడుకోబెట్టి, వీపుకి నూనె రాసి, శనగపిండితో నలుగు పెట్టి, చెయ్యి అడ్డం పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే, ఆ పిల్ల ఊరు అదిరిపోయేలా ఏడ్చింది. సాంబ్రాణి పొగ పట్టాక ఏడుపు ఆపి, గుప్పిళ్ళు బిగించి నన్ను గుర్రుగా చూసింది. నేను కూడా దాన్నే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళి, ఏమీ తగలక తిరిగొచ్చింది.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఏవీ ఫోటోలు అంది. లేవన్నాను. మొదట కోపం, తర్వాత ఏడుపు వచ్చాయి దానికి. సరే, ఎలా ఉందో చెప్పనైనా చెప్పు అని ఇనప మూత మీది బిందె పక్కన కూలబడింది. నేనూ ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. ముక్కు ఎలా ఉందో చెప్పి, కాదు, అలా కాదు అని సరిదిద్దుకుని, మా అమ్మ ముక్కులా ఉందని, మళ్ళీ అంత పొడుగు లేదని చెప్పేసరికి పొయ్యి మీద అన్నం మాడింది. దింపి వచ్చి, మా ఆవిడ మళ్ళీ కూర్చుంది. నేనింకా పాప కళ్ళ దగ్గరికి రాలేదు.